గీతగాడు గీసిన పసుప్పచ్చ గీత

ఎండపక్షం, నాలుగో రోజు

మా ఆసుపత్రిలో ఏ రోగికి ఎంత కిరణం పెట్టామో, ఎక్కడ పెట్టామో రాసేది గీతగాడు. సరిగ్గానే పెట్టామని సంతకం చేసేదీ గీతగాడే. పని చేసినవాడే సాక్షి కూడా అయితే ఇంక అడిగేదేముంది, నా మొహం! అందుకే ఇది విడిగా రాసుకుంటున్నాను. నా పేరు పైడిరత్నం. ఎగువవలస ఆసుపత్రిలో కిరణాల లెక్క చూసేది నేను. అనుమానం మనిషినని నన్ను అందరూ అంటారు. అననీ, నాకేం?

గీతగాడంటే మనిషి కాదు. స్కాన్ బొమ్మ చూసి, ఏ అవయవం ఎక్కడుందో రంగు గీతలు గీసే యంత్రం. భూమి మీద తయారై ఇక్కడికి, చంద్రుడి మీదికి వచ్చింది. ప్రొస్టేట్‌కి ఎర్ర గీత, మూత్రసంచికి ఆకుపచ్చ, మూత్రనాళానికి పసుప్పచ్చ. నా ప్రాణం తీస్తున్నది ఆ పసుప్పచ్చదే. ప్రొస్టేట్‌ని పూస అనుకుంటే, మూత్రనాళం దాని మధ్యలోంచి పోయే దారం. పూసలో ఉన్న క్యాన్సర్ కాలాలి, దారం కాలకూడదు. చిక్కేమిటంటే రోజూ తీసే బొమ్మలో ఆ దారం కంటికి కనబడదు. పూర్వం సన్నటి గొట్టం దూర్చి చూసేవారు. గొట్టం ఉన్నంతసేపు నాళం నిటారుగా సాగుతుంది, తీసేయగానే మళ్ళీ తన వంపులోకి పోతుంది. చూసినప్పుడు ఒకచోట, కాల్చేటప్పుడు ఇంకోచోట. దాంతో గొట్టాలు మానేసి, నాళం ఎక్కడుందో ఊహించే పని గీతగాడికి అప్పజెప్పారు.

నిరుడు దిగువవలస నుంచి గంగులు అనే ఆయన వచ్చాడు. క్యాన్సర్ పోయింది. కానీ నాళం కాలి మూసుకుపోయింది. ఇప్పుడు పొట్టలోంచి గొట్టం, నడుముకి సంచి. ఎందుకిలా అయిందని అడిగితే డాక్టర్ ప్రభంజన్ "ఆయన శరీరతత్వం" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

రేపటి నుంచి మా బావ తవిటినాయుడి వంతు. మా అక్క సన్నెమ్మ భర్త. వాళ్ళదీ దిగువవలసే. స్కాన్ బండి వాళ్ళ వలసకే వెళ్ళి బొమ్మ తీసుకొచ్చింది, గీతగాడు గీతలు గీశాడు, డాక్టరు సరేనన్నాడు. రోజు విడిచి రోజు, ఐదు డోసులు. ఎండపక్షం పద్నాలుగు రోజులే, సూర్యుడు దిగేలోపు అన్నీ అయిపోవాలి. చీకటిపక్షం మొదలైతే చంద్రుడి మీద కరెంటంతా వలసల్ని వెచ్చగా ఉంచడానికే చాలదు, కిరణాల యంత్రానికి ఎవరిస్తారు?

ఎండపక్షం, ఐదో రోజు

"ఏటే మరదలు పిల్లా, నువ్వేనా నన్ను కాల్సీది?" అంటూ వచ్చాడు బావ. నాకు యాభై దాటినా ఆయనకి నేనింకా మరదలు పిల్లనే.

"నిన్ను కాదు, నీ లోపలున్నదాన్ని. నీళ్ళు తాగేవా?"

"రెండు గ్లాసులు తాగేనమ్మా. మీ అక్క పక్కనే నిలబడి మరీ తాగించినాది. పోలీసోడు నయం."

నీళ్ళెందుకంటే, స్కాన్ తీసిన రోజు మూత్రసంచి నిండుగా ఉంది. కాల్చే రోజు కూడా అంతే నిండుగా ఉంటే లోపలివన్నీ అదే స్థానంలో ఉంటాయి. ఇంటి దగ్గర తాగి బయల్దేరితే ఇక్కడికి వచ్చేసరికి సంచి నిండుతుంది. మేం ప్రతి రోగినీ అడుగుతాం, తాగారా అని. తాగామంటారు. బల్ల ఎక్కిస్తాం.

రోజువారీ బొమ్మ చిన్నది. ప్రొస్టేట్, అందులో ముందే గుచ్చిన మూడు బంగారు గింజలు మాత్రం పడతాయి. గింజలు కుదిరితే మొత్తం కుదిరినట్టే అని గీతగాడి లెక్క. ఈవేళ గింజలు కుదిరాయి. పసుప్పచ్చ గీత వచ్చి చక్కగా కూర్చుంది.

నేను దాన్ని స్కాన్ రోజు గీతతో పోల్చి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. బతికున్న మనిషి లోపల ఏదీ అంత కచ్చితంగా నిన్నటిలా ఉండదు. ఆ మాటే డాక్టర్ ప్రభంజన్‌తో అన్నాను.

"కుదరకపోతే అనుమానం సరే, కుదిరినా అనుమానమేనా రత్నం గారూ?" అని నవ్వాడు. భూమి నుంచి వచ్చి ఇంకా రెండేళ్ళు కాలేదు, ఆ నవ్వు మాత్రం తెచ్చుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా డోసు ఇచ్చేశాం. మీట నొక్కింది నేనే.

ఎండపక్షం, ఆరో రోజు

పొద్దున్నే అక్క ఫోను. "మీ బావ సెప్పొద్దన్నాడు గానీ, ఒంటికి పోసుకునేటప్పుడు పళ్ళు బిగబట్టుకుంటన్నాడే. అడిగితే ఏటీ నేదంటాడు."

మొదటి డోసుకే మంటా? మొదట అక్కనే అనుమానించాను. కషాయాలు కాచి పోసిందేమోనని నిలదీశాను. "నీ మొగుడికి పోసుకో కషాయం!" అని ఫోను పెట్టేసింది. సరే, అక్క కాదు.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గీతగాడికి పరీక్ష పెట్టాను. మనిషి కటి ఆకారంలో మా దగ్గర ఒక జెల్లీ దిమ్మ ఉంది. లోపల ప్రొస్టేట్ లాంటి ముద్ద ఉంది, మూత్రసంచి లాంటి తిత్తి ఉంది, మూడు గింజలున్నాయి. మూత్రనాళం మటుకు లేదు, అసలు పెట్టనే లేదు. దాని బొమ్మ తీసి గీతగాడి ముందు పెట్టాను. ఎర్ర గీత గీశాడు. ఆకుపచ్చ గీశాడు. ఆ తర్వాత తొణక్కుండా, బెణక్కుండా, ముద్ద మధ్యలోంచి పసుప్పచ్చ గీత కూడా గీశాడు. పైగా పక్కన ‘నమ్మకం: ఎక్కువ’ అని రాశాడు.

లేనిదాన్ని గీసినవాడు ఉన్నదాన్ని చూసి గీస్తున్నాడని ఏమిటి నమ్మకం? డాక్టర్ని పిలిచి చూపించాను. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అది నేర్చుకున్నవన్నీ మనుషుల బొమ్మలు. మనిషనుకుని గీసింది. జెల్లీకి గీసినంత మాత్రాన మనిషికి తప్పు గీస్తోందని కాదు."

"ఒప్పు గీస్తోందనీ కాదు."

"ఏం చెయ్యమంటారు? ఆపెయ్యమంటారా? సగంలో ఆపితే క్యాన్సర్ ఊరుకుంటుందా? ఎగువవలస మగాళ్ళకి ఇదే యంత్రం, ఇవే గీతలు. ఒక్కరికైనా మంట వచ్చిందా?"

రాలేదు.

ఎండపక్షం, ఏడో రోజు

రెండో డోసు. బావ నవ్వలేదు. నీళ్ళు తాగేవా అంటే తలూపాడు. గింజలు కుదిరాయి. పసుప్పచ్చ గీత మళ్ళీ అచ్చం అదే. మీట దగ్గర నా వేలు ఆగిపోయింది. డాక్టరు నా వెనక నిలబడి, "రత్నం గారూ, మీ బావగారు బల్ల మీద చలికి వణుకుతున్నారు" అన్నాడు. నొక్కాను. నొక్కినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

దిగేటప్పుడు బావ చెయ్యి పట్టుకున్నాను. "నిజం చెప్పు, మంట ఎలా ఉంది?"

"గంగులుకి మొదట్లో ఎలాగుండీదో తెలుసా నీకు?" అని ఎదురడిగాడు. నాకు తెలీదు. "నాకు తెలుసు. నాకు సెప్పేడు. అలాగే ఉన్నాది," అన్నాడు.



ఎండపక్షం, ఎనిమిదో రోజు

ఒకటే ఆలోచన. గంగులు దిగువవలస. బావ దిగువవలస. మంట వచ్చినవాళ్ళంతా దిగువవలస వాళ్ళే. ఎగువవలస మగాళ్ళు మాత్రం ఐదు డోసులూ పూర్తి చేసుకుని కాలర్ ఎగరేసుకుని పోతున్నారు. అదే యంత్రం, అవే గీతలు అన్నాడు డాక్టరు. మరి తేడా ఎక్కడ? మనుషుల్లోనే ఉండాలి. దిగువవలస వాళ్ళు గని తవ్వేవాళ్ళు, వాళ్ళకి చాలే అని ఎవరో ఎక్కడో చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. నేను అక్కడ పుట్టినదాన్నే. ఎగువవలస వాళ్ళు మమ్మల్ని ఎలా చూస్తారో నాకు ఒకరు చెప్పాలా?

వెళ్ళి డాక్టర్ని మొహం మీదే అడిగేశాను. "దిగువవలస వాళ్ళ ప్లానులు మీరు సరిగ్గా చూస్తున్నారా, లేక సంతకం పెట్టేసి పంపిస్తున్నారా?"

ఆయన మొహం నల్లబడిపోయింది. "గంగులు గారి ప్లాను నేను ఎన్నిసార్లు మళ్ళీ చూశానో మీకు తెలీదు," అన్నాడు. "శరీరతత్వం అని ఎందుకన్నానో తెలుసా? ఇంకేమీ దొరకలేదు. తప్పు దొరికితే నాకూ నిద్ర పట్టేది."

అబద్ధమాడుతున్నాడేమోనని చాలాసేపు చూశాను. ఆడుతున్నట్టు లేదు. అదీ నాకు అనుమానమే అయింది.

ఇంక మిగిలింది బావ. తాగేనంటున్నాడు, నిజంగా తాగుతున్నాడా? రేపు నేనే దిగువవలస వెళ్ళి, ఇంటి దగ్గర్నుంచి బల్ల దాకా కళ్ళతో చూస్తాను.

ఎండపక్షం, తొమ్మిదో రోజు

ముందు కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, రాసేస్తున్నాను.

దిగువవలస వెళ్ళాను. నా ఎదురుగానే బావ రెండు గ్లాసులు తాగాడు. చుక్క వదల్లేదు. అక్కతో కలిసి ముగ్గురం సొరంగం వెంట నడిచి గుమ్మం దగ్గరికి వచ్చాం. దిగువవలస అయిపోయి ఎగువవలస మొదలయ్యే పెద్ద ఇనప తలుపు అది.

గుమ్మం కాపలా మనిషి ఎప్పటిలాగే అడిగాడు, "నీల్లొప్పజెప్పీసినారా?"

ఇంకా లేదని బావ మగవాళ్ళ గదిలోకి, అక్కా నేనూ ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళాం. నా పని కానిచ్చుకుని, బయటికొచ్చి, చేతులు పొడి గుడ్డకి తుడుచుకుంటుండగా తట్టింది. ఆ గుడ్డ చేతిలోంచి జారిపోయింది. ఓలమ్మో అని అరిచాను.

నీళ్ళొప్పజెప్పడం! ఏ వలస నీళ్ళు ఆ వలసవే. తాగిన నీళ్ళు కడుపులో పెట్టుకుని గుమ్మం దాటితే దొంగతనం కింద లెక్క. దాటే ముందు పోసేసి, మన వలస నీళ్ళు మన శుద్ధి తొట్టికే ఇచ్చేసి వెళ్ళాలి. చట్టం ఎప్పుడో పోయింది, మర్యాద పోలేదు. చిన్నపిల్లలకి నడక నేర్పడంతోపాటు ఇది నేర్పుతారు. బావ రోజూ బుద్ధిగా రెండు గ్లాసులు తాగి, బుద్ధిగా గుమ్మం దగ్గర ఒప్పజెప్పి, ఖాళీ సంచితో వచ్చి నా బల్ల ఎక్కాడు. గంగులూ అంతే. మేం తాగారా అని అడిగాం. ఆపుకుని వచ్చారా అని ఒక్కరమూ అడగలేదు. స్కాన్ బండి వాళ్ళ వలసలోకే వెళ్ళింది, గుమ్మం దాటే పని లేదు, అందుకని ఆ బొమ్మలో సంచి నిండుగా ఉంది. ఎగువవలస వాళ్ళకి ఆసుపత్రి సొంత వలసలోనే, దాటాల్సిన గుమ్మమే లేదు. డాక్టరు భూమి మనిషి, ఆయనకి ఈ సంగతి తెలీదు. నాకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే, దొంగని పట్టుకుందామని వచ్చి, పుట్టినప్పటి అలవాటు కొద్దీ నేనే వెళ్ళి ఒప్పజెప్పి వచ్చాను.

బావని అక్కడికక్కడే ఆపి చెప్పాను. సంచి ఖాళీ అయితే దాని మెడ కిందికి దిగుతుంది, ప్రొస్టేట్ వాలుతుంది, నాళం పైవంపు పక్కకి జరుగుతుంది. గింజలు ప్రొస్టేట్ ఎక్కడుందో చెబుతాయి గానీ, దాని లోపల నాళం ఎలా వంగిందో చెప్పవు. గీతగాడేమో నిండు సంచి నాటి గీతనే తెచ్చి అంటిస్తున్నాడు. "ఈసారి నుంచి ఆపుకుని రా బావా, అంతే," అన్నాను.

"రాను," అన్నాడు.

"అదేం మాట?"

"ద్రువం కాడ్నుంచి మంచు రాడం ఆగిపోయినప్పుడు మా యమ్మ దాహంతో సచ్చిపోనాది. నాను పక్కనే ఉన్నాను. ఆ రోజుల్లో ఎవుడో గ్లాసుడు నీల్లు కడుపులో ఎట్టుకుని గుమ్మం దాటేడని తెలిస్తే ఊరంతా ఉమ్మీసినారు. ఇప్పుడు నాను దాటాలా? నా వొల్ల కాదే రత్నం."

"పోనీ మా దగ్గరే తాగు. అక్కడ తాగి అక్కడే పొయ్యి."

అక్క నోరు నొక్కుకుంది. అనకూడని మాట అన్నానని అప్పుడు తెలిసింది. అవతలి వలస నీళ్ళు తాగినవాళ్ళు ఆ వలస మనుషులైపోతారు. పెళ్ళయి వచ్చిన రోజు ఈ గుమ్మం దగ్గరే ఎగువవలస నీళ్ళు తాగి నేను ఎగువవలస దాన్నయ్యాను. బావని ఈ వయసులో తన వలస వదులుకోమన్నట్టే అయింది.

"అయితే గంగులులా అవుతావా?" గట్టిగా అరిచాను. సొరంగంలో అందరూ తిరిగి చూశారు.

"అవుతానేమో," అన్నాడు బావ. ఆయన కళ్ళలో భయం కనబడుతూనే ఉంది. అయినా మాట మార్చలేదు. అక్క గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఈవేళ డోసు ఇవ్వలేదు. ఒక్క రోజు జరపగలం. రేపు, పన్నెండు, పద్నాలుగు. ఇంకో రోజు పోతే మధ్యలో చీకటి పడిపోతుంది.

అదే రోజు, ఇంకాస్త తర్వాత

డాక్టర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడిపోయాడు. మనిషి ఏమైపోతాడోనని ఒక్క క్షణం భయపడ్డాను కూడా. తర్వాత అడిగాడు, "ఆయన కచ్చితంగా ఖాళీ సంచితోనే వస్తానంటారా?"

"చచ్చినా మారడు."

"అయితే మార్చకండి. ఖాళీతోనే వస్తే ఖాళీకే ప్లాను గీద్దాం."

"గీతగాడికి ఖాళీ సంచి అంటే తెలీదు. మళ్ళీ ఊహే కదా."

"ఊహ వద్దు. చూద్దాం." లేచి నిలబడ్డాడు. "అప్పుడే మూత్రం పోసుకున్న మనిషికి నాళంలో కాస్త తడి మిగులుతుంది. ఆ కాసేపట్లో అయస్కాంతం స్కాన్ తీస్తే ఆ తడి తెల్లటి గీతలా కనబడుతుంది. గొట్టం అక్కర్లేదు, సాగదీసే పని లేదు. కానీ పోసుకున్న వెంటనే పడుకోబెట్టాలి. ఆయన ఎక్కడో గుమ్మం దగ్గర పోసుకుని ఇక్కడికి నడిచి వచ్చేసరికి..."

"ఆ అయస్కాంతం ఉన్నది స్కాన్ బండిలోనే, దానికి చక్రాలున్నాయి కదండీ," అన్నాను.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఇన్నాళ్ళలో ఆయన్ని చూసి నవ్వడం నాకు ఇదే మొదలు. వెంటనే ఇంకో అనుమానం వచ్చింది, ఆ తడి నిజంగా కనబడుతుందా అని. రేపు చూస్తే గానీ నమ్మను.

ఎండపక్షం, పదో రోజు

దిగువవలస గుమ్మం పక్కన స్కాన్ బండి. చుట్టూ జనం, తిరునాళ్ళలో రంగులరాట్నం చుట్టూ చేరినట్టు. డాక్టరు గుమ్మం కాపలా మనిషికి నమస్కారం పెట్టి, అనుమతి అడిగాడు. బావ మగవాళ్ళ గదిలోంచి బయటికి రాగానే చెయ్యి పట్టుకుని బండెక్కించాం.

"ఇదేటే, బట్టలు సర్దుకోనియ్యవా?"

"పడుకో, మాట్లాడకు."

తెర మీద బొమ్మ మెల్లగా వచ్చింది. ప్రొస్టేట్ మధ్యలోంచి సన్నగా తెల్లటి గీత, పైన మెడ దగ్గర ఒక పక్కకి ఒరిగి, కిందికి దిగుతూ. అది ఎవడి ఊహా కాదు. మా బావ నాళం, ఉన్నది ఉన్నట్టు. పాత పసుప్పచ్చ గీతని దాని మీద పెట్టి చూశాను. కింద కలిసింది. పైవంపు దగ్గర చిటికెన వేలి గోరంత తేడా. ఆ గోరంత మేర రెండు డోసులు నాళం మీదే పడ్డాయి. నా వేలే నొక్కింది.

పసుప్పచ్చ గీత ఈసారి డాక్టరు తన చేత్తో గీశాడు, నేను పక్కన కూర్చుని ప్రతి మలుపూ సరిచూశాను. కాలిన చోట కిరణం బాగా తగ్గించేలా లెక్కలు మళ్ళీ వేశాను. క్యాన్సర్ ఉన్నది అవతలి పక్క కాబట్టి కుదిరింది, లేకపోతే ఏం చేసేవాళ్ళమో. బావ ఖాళీ సంచితో, తలెత్తుకుని గుమ్మం దాటాడు. మూడో డోసు ఇచ్చాం.

గీతగాడు మాత్రం ‘రోగి సూచనలు పాటించలేదు’ అని రాసి పెట్టాడు. డాక్టరు అది కొట్టేయించి, మేము సరిగ్గా అడగలేదు అని రాయించాడు. నేను చెప్పకుండానే.

ఎండపక్షం, పద్నాలుగో రోజు

ఐదో డోసు అయిపోయింది. బయట సూర్యుడు కొండ అంచుని పట్టుకుని ఉన్నాడు. డాక్టరు గంగులు ఇంటికి వెళ్ళొచ్చాడు. తప్పు ఆయన శరీరానిది కాదని, మాదని చెప్పాడట. గంగులు తలుపేసుకున్నాడట. నాకు గంగులు మీద కోపం రాలేదు.

"ఇంక బయం నేదు కదే?" అని అడిగాడు బావ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఉన్నదని చెప్పాను. కాలిన నాళం వెంటనే మూసుకుపోదు. రెండు మూడు నెలలకి మచ్చ కట్టి, ధార సన్నబడి, ఒకరోజు ఆగిపోవచ్చు. కాకపోనూ వచ్చు. అక్క నన్ను చూపులతో కాల్చేసింది. అబద్ధం చెప్పి పంపించడం నాకు చేతకాలేదు.

నాలుగో ఎండపక్షం, రెండో రోజు

మూడు నెలల్నుంచి ప్రతి పక్షమూ ఫోను చేస్తున్నాను. మంట ఉందా? నేదు. ధార ఎలా ఉంది? బానే ఉన్నాది. ఎంత బాగా? ఓరి నాయనో, బానే ఉన్నాదే! ముందు కూడా ఏటీ నేదనే అన్నాడు ఈ పెద్దమనిషి, పళ్ళు బిగబట్టుకుని. ఆయన మాట నేను నమ్మను. అక్కకి కూడా నిజం చెబుతాడని నమ్మకం లేదు.

ఈవేళ బావ పరీక్షకి ఆసుపత్రికి వస్తున్నాడు. చెప్పకుండా ముందే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన మగవాళ్ళ గదిలోకి వెళ్ళగానే వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను.

"ఏటమ్మా అది! పెద్దదానివి, మగోల్ల గది కాడ ఏటా పని?" అని కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"నోర్ముయ్," అన్నాను. "వినబడట్లేదు."

మొదట ఏమీ లేదు. తర్వాత మొదలైంది. ఇనప తొట్టిలో గట్టిగా, బారుగా, ఒకే ధార. ఎక్కడా తెగలేదు, సన్నబడలేదు, ఆగి ఆగి పడలేదు. అలా పడుతూనే ఉంది. కాపలా మనిషి నా మొహం చూసి, ఏమనుకున్నాడో, చెయ్యి దించేసి పక్కన నిలబడిపోయాడు.

తలుపు తెరుచుకుంది. బావ నన్ను చూసి అదిరిపడ్డాడు. "ఓసి నీ అనుమానం పాడుగాను! ఇక్కడ కూడానా?"

ఏదో ఒకటి తిరిగి అందామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. గుమ్మం దాటేవాళ్ళంతా చూస్తుండగానే, ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చేశాను.